లెవోడోపాను వాయిదా వేయాలా? ఒక భయం పుట్టుపూర్వోత్తరాలు

పార్కిన్సన్స్ వ్యాధి అని తేలాక, మందుల చీటీ చేతిలో పట్టుకుని చాలామంది వైద్యుణ్ణి ఒకే ప్రశ్న అడుగుతారు: ఈ మాత్ర ఇప్పటినుంచే వాడితే, జబ్బు ముదిరాక పనిచేస్తుందా? ఈ జబ్బుకు ప్రధాన మందైన లెవోడోపాను వీలైనంత కాలం వాయిదా వేయాలన్న ఈ ఆలోచనను కొన్ని దశాబ్దాల పాటు వైద్యుల్లోనూ చాలామంది పాటించారు.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో 6గురి లక్షణాలను ఆధారం చేసుకుని ఈ జబ్బును వర్ణించినా, ఆ తర్వాత 150 ఏళ్ల వరకూ గట్టి మందు దొరకలేదు. పారిస్‌లో నాడీవైద్యుడు షార్కో ఉమ్మెత్త జాతి మొక్కల సారాలను వాడేవాడు. వాటితో వణుకు కొంత తగ్గేది, నోరు ఎండిపోయేది. లెవోడోపా మాత్రం 1913లోనే చేతికందింది. బాకలా చిక్కుడు నుంచి దాన్ని వేరుచేసిన మార్కస్ గుగ్గెన్‌హైమ్ తానే రెండున్నర గ్రాములు మింగి, వాంతులతో బాధపడ్డాడు. ఆ పదార్థానికి వైద్యంలో పనేమీ లేదనుకుని పక్కన పెట్టేశారు.

మెదడులో సంకేతాలను మోసే డోపమిన్ అనే రసాయనాన్ని తగ్గించే రిసర్పిన్ ఇచ్చాక కదలిక లేకుండా పడివున్న కుందేళ్లు డోపా ఇచ్చిన కొద్దిసేపటికే లేచి తిరగడాన్ని 1957లో ఆర్విడ్ కార్ల్‌సన్ చూపించాడు. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్‌లు మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించి, కదలికలను నియంత్రించే భాగంలో డోపమిన్ బాగా తగ్గిపోయిందని గుర్తించారు. మరుసటి ఏడాదే బిర్క్‌మాయర్ రోగులకు లెవోడోపాను నరంలోకి ఎక్కించాడు. మంచం దిగలేనివారు నడిచారు గానీ, ఆ ఫలితం కొన్ని గంటలే నిలిచింది. 1967లో జార్జ్ కొట్జియాస్ నోటి మోతాదును చాలా కొద్దిగా మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతూ పోవడంతోనే అది నిత్యం వాడదగ్గ చికిత్స అయింది. లెవోడోపా మెదడును చేరకముందే శరీరంలో డోపమిన్‌గా మారిపోకుండా అడ్డుకునే కార్బిడోపా, బెన్సెరజైడ్‌లు 1970లలో దానికి జత కలిశాక వాంతులు తగ్గాయి. లెవోడోపా, కార్బిడోపా కలిపిన మాత్రకు పెట్టిన సినిమెట్ అన్న పేరుకు లాటిన్ మూలంలో అర్థం ‘వాంతి లేకుండా’ అని. గుగ్గెన్‌హైమ్ పడ్డ అవస్థ తెలిసినవారికి ఆ పేరు చూస్తే నవ్వు రాకమానదు.

భయం మొదలైంది ఈ విజయం తర్వాతే. కొన్నేళ్లు వాడాక మాత్ర మాత్రకూ మధ్య మందు ప్రభావం దిగిపోవడం, మందు బాగా పనిచేసే సమయంలో చేతులూ మెడా తమంతట తామే మెలికలు తిరగడం కనిపించాయి. ఎక్కువ కాలం వాడినవారిలోనే ఇవి ఎక్కువ కాబట్టి తప్పు మందుదేనని తోచింది. పైగా ప్రయోగశాల పాత్రల్లో పెంచిన కణాలను లెవోడోపా చంపుతోందన్న ఫలితాలూ వచ్చాయి. దాంతో మొదటి కొన్నేళ్లు బ్రోమోక్రిప్టిన్, ఆ తర్వాత వచ్చిన ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి డోపమిన్ అగోనిస్టులతో (డోపమిన్‌లా పనిచేసే మందులతో) నెట్టుకురావడం ఆనవాయితీ అయింది. ఈ జాగ్రత్తకు రోగులు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు: కొందరు జూదానికీ, అదుపులేని కొనుగోళ్లకూ బానిసలయ్యారు, గుండె కవాటాలను దెబ్బతీస్తున్నందున పెర్గోలైడ్‌ను 2007లో అమెరికా మార్కెట్ నుంచి ఉపసంహరించారు.

అయితే ఈ ఇబ్బందులకు ప్రధాన కారణం మందు వాడిన కాలం కాదు, జబ్బు ముదరడమే. రక్తంలో లెవోడోపా సుమారు గంటన్నరలో సగానికి పడిపోతుంది. తొలిదశలో మిగిలివున్న నాడీకణాలు దాన్ని డోపమిన్‌గా దాచుకుని నెమ్మదిగా విడుదల చేస్తాయి. ఆ కణాలు తరిగిపోయేకొద్దీ మెదడు రక్తంలోని హెచ్చుతగ్గులకు నేరుగా లోనవుతుంది. మందు ఆలస్యంగా అందే ఘనాలోని రోగులను ఇటలీలోని రోగులతో పోల్చి 2014లో ప్రచురించిన అధ్యయనం దీనికి బలమైన ఆధారం. లెవోడోపా ఎంత కాలంగా వాడుతున్నా, ఈ ఇబ్బందులు రెండుచోట్లా జబ్బు వయసు దాదాపు ఒకే స్థాయికి చేరినప్పుడే మొదలయ్యాయి. 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు 445 మందిలో కొందరికి వెంటనే, మిగతావారికి 40 వారాలు ఆలస్యంగా మందు మొదలుపెట్టి, 80వ వారంలో పోల్చి చూస్తే లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మందు జబ్బును ఆపలేదు, పెంచనూ లేదు.

అలాగని పాత భయమంతా వట్టిదేమీ కాదు. 2004లో వెలువడిన మరో పరీక్షలో రోజుకు 600 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో, తక్కువ మోతాదు తీసుకున్నవారి కంటే అసంకల్పిత కదలికలు ఎక్కువగా కనిపించాయి. చిన్న వయసులో జబ్బు మొదలైనవారికీ ఆ ముప్పు ఎక్కువే. అందుకే అలాంటివారికి కొందరు వైద్యులు ఇప్పటికీ ముందుగా అగోనిస్టులనే ఎంచుకుంటారు. మిగతావారి విషయంలో చర్చ ఇప్పుడు మందు ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాని కంటే, పనులకు ఆటంకం లేకుండా చేసే అతి తక్కువ మోతాదు ఎంతన్న దాని మీదే ఎక్కువగా నడుస్తోంది.