గాలి బరువు తూచే ముల్లు

గోడగడియారంలో చిన్న ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా పెద్ద ముల్లు పన్నెండు చుట్లు తిరుగుతుంది. నాకు పది చుట్లే కావాలి. ఈ రెండు చుట్ల తేడా కోసం విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక వాచీల రిపేరు దుకాణంలో మూడు సాయంత్రాలు కూర్చున్నాను.

నేను చేస్తున్నది ఆల్టీమీటర్ నకలు. విమానం ఎంత ఎత్తులో ఎగురుతోందో పైలట్‌కు చూపించే పరికరం అది. ఇంట్లో ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్‌లో విమానం నడుపుతుంటాను. తెర మీది బొమ్మ డయల్‌కు బదులు చేతికి అందే డయల్ ఒకటి ఎదురుగా ఉండాలని ఎన్నాళ్లుగానో కోరిక. దాని మీద 0 నుంచి 9 వరకు అంకెలుంటాయి. పొడుగు ముల్లు ఒక చుట్టు తిరిగితే వెయ్యి అడుగులు, పొట్టి ముల్లు ఒక చుట్టు తిరిగితే పదివేలు. పాత డయళ్లలో లక్ష అడుగులకు ఒక చుట్టు తిరిగే మూడో ముల్లు కూడా ఉంటుంది. దాన్ని కంగారులో తప్పుగా చదివి, పదివేల అడుగులు పొరపాటు పడి ప్రాణాలు పోగొట్టుకున్న పైలట్లు ఉన్నారు. తూర్పు కనుమల మీద తక్కువ ఎత్తులో తిరిగే నా విమానానికి రెండు ముళ్లు చాలనుకున్నాను.

"గోడగడియారం చక్రాలు పనికిరావు బాబూ, కొత్తవి కోయించుకోవాలి" అన్నారు దుకాణం పెద్దాయన. "పళ్లు ఎన్నయినా పెట్టుకోండి, కానీ రెండు జతల మొత్తం సమానంగా ఉండాలి. లేకపోతే రెండు ముళ్లూ ఒకే కేంద్రం మీద కూర్చోవు." కాగితం మీద లెక్క వేశాం. మొదటి జతలో 20 పళ్లు, 50 పళ్లు. రెండో జతలో 14, 56. రెండున్నర రెట్లు, ఆపైన నాలుగు రెట్లు, గుణిస్తే సరిగ్గా పది. రెండు జతల్లోనూ పళ్ల మొత్తం 70. ఆ చక్రాలను త్రీడీ ప్రింటర్ మీద అచ్చు తీయించాను. పొడుగు ముల్లు ఇరుసు మీద, పొట్టి ముల్లు దాని చుట్టూ ఉన్న గొట్టం మీద, గడియారంలో లాగే, ఒకే కేంద్రం మీద కుదురుకున్నాయి.

వీటిని తిప్పడానికి 28బివైజె-48 అనే చవక స్టెప్పర్ మోటార్ (స్టెప్పులనే చిన్న చిన్న కదలికలుగా, లెక్క ప్రకారం తిరిగే మోటార్) పెట్టాను. సిమ్యులేటర్ ఎత్తును అంకెగా పంపుతుంది, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఆ అంకెను స్టెప్పులుగా మార్చి మోటార్‌ను నడుపుతుంది. కరెంటు తీసేస్తే ముల్లు ఎక్కడుందో బోర్డుకు గుర్తుండదు కాబట్టి, సున్నాను వెతుక్కోవడానికి చక్రానికి చిన్న అయస్కాంతం, దాని ఎదుట ఒక సెన్సర్ అమర్చాను. అంతా బాగానే ఉందనుకుంటే ఒక వింత కనిపించింది. 9,000 అడుగులకు ఎక్కితే ముల్లు దాదాపు 45 అడుగులు ఎక్కువ చూపిస్తోంది. కిందికి దిగితే మళ్లీ సరిగ్గా సున్నాకే వస్తోంది. స్టెప్పులు జారిపోతుంటే తిరిగి సున్నాకు రాకూడదు కదా!

మోటార్‌ను పట్టుకుని మళ్లీ పెద్దాయన దగ్గరికే వెళ్లాను. ఆయన రేకు మూత ఊడదీసి, కంటికి భూతద్దం తగిలించుకుని, సూదిమొనతో ఒక్కొక్క పన్నునూ జరుపుతూ లెక్కపెట్టారు. 9కి 32, 11కి 22, 9కి 26, 10కి 31. ఈ నిష్పత్తులను గుణిస్తే 63.684 వస్తుంది, అంటే మోటార్ లోపల తిరిగే రోటార్ అన్ని చుట్లు తిరిగితే బయటి ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. నేను వాడిన లెక్క మాత్రం 64. లోపలి రోటార్ చుట్టుకు 32 స్టెప్పులు వేస్తుంది కాబట్టి, బయటి ఇరుసు ఒక చుట్టు తిరగడానికి 2,048 కాదు, సుమారు 2,037.9 స్టెప్పులు చాలు. నేను చుట్టుకు పది స్టెప్పులు అదనంగా వేయిస్తున్నాను. ఎక్కేటప్పుడు పెరిగిన తప్పు దిగేటప్పుడు అంతే తరిగిపోతోంది, అందుకే సున్నా దగ్గర దొరకలేదు. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆనందం ఇచ్చింది ఆ పళ్ల లెక్కే.

ఇక అసలు సంగతి. నా నకలుకు ఎత్తు తెలుసు, సిమ్యులేటర్ చెబుతోంది కాబట్టి. నిజమైన ఆల్టీమీటర్‌కు ఎత్తు తెలియదు. దానికి తెలిసింది తన చుట్టూ ఉన్న గాలి పీడనం మాత్రమే, అంటే తన పైన ఉన్న గాలి బరువు. లోపల ముడతలు పెట్టిన పల్చని లోహపు డబ్బీ ఉంటుంది. అందులోంచి గాలి తీసేసి మూసేస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన లూసియన్ విడీ 1844లో ఇలాంటి డబ్బీతోనే ద్రవం అక్కరలేని భారమితిని తయారుచేశాడు. విమానం పైకి వెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గి డబ్బీ వెంట్రుకవాసి ఉబ్బుతుంది. ఆ కాస్త కదలికను మీటలు, పళ్లచక్రాలు పెంచి ముల్లు దాకా తెస్తాయి.

నేలకు దగ్గరలో సుమారు 27 అడుగులు ఎక్కితే పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. పీడన సెన్సర్ ఉన్న ఫోను చేతిలో ఉంటే కొత్తవలసలో అరకు వైపు రైలు ఎక్కి చూడండి. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్ చేరేసరికి ఆ అంకె నూరు హెక్టోపాస్కల్స్‌కు పైగా పడిపోతుంది.

అయితే పీడనం ఎత్తుతోనే కాదు, వాతావరణంతో కూడా మారుతుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌ను మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ తుపాను కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కల్స్‌కు పడిపోయిందని వాతావరణ శాఖ అంచనా. సముద్రమట్టం దగ్గర ప్రామాణిక పీడనం 1013.25. ఆ ప్రమాణానికి సరిచేసి ఉంచిన ఆల్టీమీటర్‌ను ఆ కేంద్రంలో నేల మీద పెట్టి ఉంటే, దాదాపు 1,770 అడుగుల ఎత్తున ఉన్నట్టు చూపేది. గాల్లో ఉన్న పైలట్‌కు ఈ తప్పు మరింత ప్రమాదం. డయల్ చూసి కొండకు పైన ఉన్నాననుకుంటాడు, నిజానికి దాని నడుము ఎత్తులో ఉంటాడు.

ఇందుకే డయల్‌లో ఒక చిన్న కిటికీ, కింద ఒక మర ఉంటాయి. పైలట్ విమానాశ్రయం నుంచి ఆనాటి పీడనం తెలుసుకుని, మర తిప్పి ఆ అంకెను కిటికీలోకి తెస్తాడు. అమెరికాలో స్థిరపడిన జర్మన్ ఇంజనీరు పాల్ కోల్స్‌మన్ 1928లో రూపొందించిన కచ్చితమైన ఆల్టీమీటర్‌తో ఈ ఏర్పాటు పేరు పొందింది. 1929 సెప్టెంబర్ 24న అమెరికా పైలట్ జిమ్మీ డూలిటిల్ అదే ఆల్టీమీటర్‌ను నమ్ముకుని, బయటిది ఏదీ కనబడకుండా కప్పేసిన కాక్‌పిట్‌లో కూర్చుని విమానాన్ని లేపి, తిప్పి, దించాడు.

నేనూ మర పెట్టాను, కిటికీ పెట్టాను. మర ఎంత తిప్పినా ముల్లు కదల్లేదు! సిమ్యులేటర్ నుంచి నేను తీసుకుంటున్నది విమానం ఉన్న అసలు ఎత్తు. అసలు ఎత్తుకు పీడనంతో పనేముంది? ఫ్లైట్‌గేర్‌లో ఆల్టీమీటర్ చూపే ఎత్తు అని మరో అంకె విడిగా ఉంటుంది. ఆనాటి పీడనాన్ని, కిటికీలోని అంకెను కలిపి లెక్కకట్టేది అదే. ప్రోగ్రాంలో ఆ ఒక్క వరుస మార్చాను. పైలట్ మర తిప్పడం మరిచిపోతే నా నకలు కూడా ఇప్పుడు అసలు దానిలాగే తప్పు చూపిస్తుంది.

నిన్న రాత్రి విమానాన్ని విశాఖ రన్‌వే మీద నిలిపి, వాతావరణంలో పీడనం 950 అని పెట్టాను. మోటార్ సన్నగా చప్పుడు చేస్తూ కదిలింది. పొడుగు ముల్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగి, 7 దాటి, 8కి కాస్త ముందు ఆగింది. విమానం చక్రాలు మాత్రం కదలకుండా నేల మీదే ఉన్నాయి. కిటికీలోని అంకెల పట్టీని 945 నుంచి అచ్చు వేయించాను కాబట్టి మర అక్కడిదాకా వెళ్తుంది. 1013 నుంచి నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ పోయాను. 980, 960, 950. ముల్లు వచ్చిన దారినే తిరిగి వెళ్లి, సున్నాకు కొంచెం ఎగువన, రన్‌వే ఎత్తు దగ్గర నిలబడింది.