జ్ఞానులు ముగ్గురని ఎవరు చెప్పారు?

క్రిస్మస్ వచ్చిందంటే మన చర్చిల్లో సండే స్కూల్ పిల్లల నాటకం ఉండాల్సిందే. అట్ట కిరీటాలు పెట్టుకుని, మెరుపు కాగితం చుట్టిన పెట్టెలతో ముగ్గురు పిల్లలు, పసివాడైన యేసును చూడ్డానికొచ్చిన జ్ఞానుల వేషంలో నడిచొస్తారు. గాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అనే పేర్లు కూడా వినే ఉంటారు. బైబిల్ తెరిస్తే ఆ పేర్లు ఎక్కడా ఉండవు. ముగ్గురన్న లెక్క లేదు, రాజులన్న మాటా లేదు.

మత్తయి సువార్త 2వ అధ్యాయం చెప్పేది కొంచెమే. తూర్పు నుంచి జ్ఞానులు వచ్చారు. బంగారం, సాంబ్రాణి, బోళం (చెట్టునుంచి వచ్చే సువాసన జిగురు) ఇచ్చారు. అప్పటి రాజు హేరోదుకు చెప్పకుండా వేరే దారిన వెళ్లిపోయారు. గ్రీకు మూలంలో వాళ్లను 'మాగోయ్' అన్నారు. పర్షియా పూజారులను, నక్షత్రాలు చూసి ఫలితం చెప్పేవాళ్లను అలా పిలిచేవారు.

కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురే అనుకున్నారు. మొదట్లో అందరూ అలా అనుకోలేదు. రోమ్‌లోని దొమితిల్లా భూగర్భ సమాధుల్లో నలుగురిని గీశారు. సిరియా క్రైస్తవులైతే పన్నెండుమంది అన్నారు. కిరీటాలు వచ్చింది కీర్తనల నుంచి: షేబ, సెబా రాజులు కానుకలు తెస్తారన్న 72వ కీర్తనను ఈ కథకు ముడిపెట్టారు.

నన్ను బాగా ఆకట్టుకునేది ఇటలీలోని రవెన్నా. అక్కడ 6వ శతాబ్దపు చర్చి గోడమీద, రంగురాళ్ల చిత్రంలో ఈ ముగ్గురి పేర్లూ తలల పైన కనిపిస్తాయి. అయితే తలమీద ఉన్నవి కిరీటాలు కావు, తూర్పుదేశాల టోపీలు. ఒంటిమీద పర్షియా దుస్తులు. పేర్లు వచ్చేశాయి, రాజరికం ఇంకా రాలేదు! ఇక గాస్పర్ అన్న పేరు గొండోఫేర్స్ నుంచి వచ్చి ఉండొచ్చని కొందరు పండితుల మాట. 1వ శతాబ్దంలో తక్షశిల వైపు ఏలిన రాజు ఆయన. యేసు శిష్యుడు, అపొస్తలుడైన తోమా భారతదేశానికి వచ్చాడని చెప్పే పాత గ్రంథంలోనూ ఆయన ఉన్నాడు. ఆ గ్రంథం కూడా బైబిల్లో చేరనిదే.

1164లో ఈ ముగ్గురివని చెప్పే ఎముకలను మిలాన్ నుంచి జర్మనీలోని కొలోన్‌కు తరలించారు. యాత్రికులు వెల్లువెత్తారు. 1248లో వాటికోసం పెద్ద చర్చి మొదలుపెడితే, మధ్యలో శతాబ్దాలు ఆగి, 1880కి పూర్తయింది. తమవి తమకిమ్మని అడుగుతూ వచ్చిన మిలాన్‌కు కొన్ని ఎముకలు 1904లో తిరిగొచ్చాయి.