కంప్యూటర్ సైన్స్ డిగ్రీ: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో చాలా ఏళ్లుగా డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. ఏటా అడ్మిషన్ల సమయంలో గాజువాక, మధురవాడ, అనకాపల్లి నుంచి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రుల మాటల్లో కొన్ని అపోహలు పదేపదే వినిపిస్తుంటాయి.

అపోహ: ఎన్ని కంప్యూటర్ భాషలు నేర్చుకుంటే అంత చదువు వచ్చినట్లు.

వాస్తవం: భాష పనిముట్టు మాత్రమే. సీ భాష 1970ల ఆరంభంలో పుట్టింది, పైథాన్ 1991లో వెలువడింది, రేపు మరొకటి రావచ్చు. ఒక పనికి ఎన్ని మెట్లు పడతాయో ముందుగానే లెక్కగట్టే విద్య మాత్రం ఏ భాషలోనైనా ఒక్కటే. ఒకసారి ల్యాబ్‌లో రెండో సంవత్సరం విద్యార్థిని, జాబితాలో రెండుసార్లు నమోదైన ఫోన్ నంబర్లను పట్టుకునే ప్రోగ్రామ్ రాసింది. వంద నంబర్లకు రెప్పపాటులో జవాబు వచ్చింది. లక్ష నంబర్లు ఇచ్చేసరికి తెర మీద కర్సర్ మిణుకుమంటూ ఉండిపోయింది. "సిస్టం హ్యాంగ్ అయింది సార్" అంది. సిస్టం బాగానే ఉంది. ప్రతి నంబరునూ మిగిలిన అన్నింటితో పోల్చాలంటే సుమారు 500 కోట్ల పోలికలు అవసరం. ముందుగా నంబర్లను ఆరోహణ క్రమంలో పేర్చి, పక్కపక్కన ఉన్నవాటిని మాత్రమే చూస్తే 20 లక్షల లోపే పని ముగుస్తుంది. భాషను గానీ యంత్రాన్ని గానీ మార్చకుండానే ఆమె ఆ గంటలోనే దాన్ని సరిచేసింది. నా దృష్టిలో ఈ డిగ్రీకి ప్రాణం ఇదే.

అపోహ: ఇంటర్‌తో లెక్కల పని అయిపోయింది.

వాస్తవం: మార్కుల కోసం చదివి వదిలేసిన గణితానుగమనమే (ఒక మెట్టుకు నిజమైతే తర్వాతి మెట్టుకూ నిజమని చూపుతూ సాగే రుజువు పద్ధతే), రికర్షన్‌తో (తనను తానే మళ్లీ పిలుచుకునేలా) రాసిన ప్రోగ్రామ్ సరైనదేనని రుజువు చేయడానికి మళ్లీ అవసరపడుతుంది. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన, సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ డేటాబేస్ నమూనాకు పునాది సమితులు, సంబంధాలే.

అపోహ: ప్రోగ్రాములను కృత్రిమ మేధే రాసేస్తోంది కనుక ఇక ఈ చదువు దండగ.

వాస్తవం: ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే విద్యార్థులు రికార్డుల్లో రాసుకొచ్చే ప్రోగ్రాముల్లో ఏది వారి సొంతమో చెప్పడం ఇప్పుడు కష్టమవుతోంది. అందుకే వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ప్రోగ్రామ్‌లో పదేపదే నడిచే భాగాన్ని (లూప్‌ను) చూపించి "ఈ లూప్ ఎప్పుడు ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది?" అని అడుగుతున్నాను. జావా భాషతో వచ్చే సిద్ధ ప్రోగ్రాముల లైబ్రరీలోని, క్రమంలో ఉన్న జాబితాను సగానికి సగం తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్‌ను నిపుణులే రాశారు. అయినా, రెండు పెద్ద సంఖ్యలను కూడినప్పుడు ఫలితం నిర్ణీత పరిమితి దాటిపోయే లోపం అందులో ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా దాగి ఉండి, 2006లో బయటపడింది. ప్రోగ్రామ్‌ను ఎవరు రాసినా, అది సరైనదా కాదా అని తేల్చే మనిషి కావాలి.

చిన్నప్పటి నుంచే కోడింగ్ వచ్చి ఉండాలన్న మాటలో నిజం లేదు. మొదటి సంవత్సరం పాఠాలు అక్షరాభ్యాసంలా మొదటి నుంచే మొదలవుతాయి.

తెలుగు మాధ్యమం పిల్లలు నెగ్గుకురాలేరన్నది నన్ను ఎక్కువగా బాధించే అపోహ. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు పుస్తకాలు వారిని ఇబ్బంది పెట్టే మాట నిజమే. అయితే అల్గారిథమ్ అంటే పనిచేసే వరుస, దాన్ని ఏ భాషలోనైనా ఆలోచించవచ్చు. నా తరగతిలో ముందుగా ఆ మెట్లను తెలుగులోనే రాయమంటాను. "చివరి సంఖ్య వచ్చేవరకు చూడు, పెద్దది కనిపిస్తే గుర్తుపెట్టుకో" అని నోట్సు వెనక పేజీలో రాసుకున్న పిల్లవాడు, ఆ తర్వాత కీబోర్డు ముందు తడబడడం నేను చాలా అరుదుగా చూశాను.