గాజు దాటిన ఎండ

"పోయిన దసరాకి ముచ్చటపడి బాల్కనీకి అద్దాలు వేయించుకున్నాం మాస్టారూ. దుమ్ము లేదు, పావురాల బెడద లేదు, వానజల్లు లేదు. చలికాలమంతా అక్కడే కూర్చుని కాఫీలు తాగాం. ఉగాది దాటిందో లేదో, సాయంత్రం నాలుగింటికి అందులో కాలు పెట్టలేకపోతున్నాం. ముదురు నీలం రంగు మందపాటి కర్టెన్లు కట్టాం. చీకటైంది గానీ వేడి తగ్గలేదు. ఏసీ పెట్టించేయమంటారా?"

హైదరాబాద్ మియాపూర్‌లో ఏడో అంతస్తులో ఉండే ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది. బాల్కనీ పడమటి వైపుందట.

'చీకటైంది గానీ వేడి తగ్గలేదు' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పాను. ఎండను గాజుకి ఏ వైపున ఆపుతున్నామన్నదే మొత్తం కథ అని పిల్లలకి ఎన్నిసార్లు బోర్డు మీద గీసి చూపించానో. ఆవిడ అదే విషయాన్ని సొంత అనుభవంతో ఒక్క వాక్యంలో పట్టుకున్నారు.

ఒక కోట ఉందనుకోండి. గుమ్మంలో కాపలావాడు వరహాలైతే అటూ ఇటూ పోనిస్తాడు, రాగి కాసులను మాత్రం ఆపేస్తాడు. కోట లోపల షరాబు ఒకడు కూర్చుని, వచ్చిన ప్రతి వరహానూ రాగి కాసులుగా మార్చేస్తున్నాడు. పొద్దుగూకేసరికి కోట నిండా రాగి గుట్టలే. ఆ కోట మీ బాల్కనీ. కాపలావాడు గాజు. ఇక షరాబు అంటే ఎండ తగిలిన ప్రతి వస్తువూ. గచ్చు, మొక్కల కుండీలు, కేన్ కుర్చీ, అన్నిటికన్నా ముందు ఆ ముదురు నీలం కర్టెన్.

ఈ వరహాలకీ కాసులకీ తేడా తరంగదైర్ఘ్యంలో ఉంది. వస్తువు ఎంత వేడిగా ఉంటే అంత పొట్టి తరంగాలను వెదజల్లుతుంది. 2,898ని కెల్విన్లలో (సెల్సియస్ డిగ్రీలకి 273 కలిపితే వచ్చే అంకె) ఉన్న ఉష్ణోగ్రతతో భాగిస్తే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వికిరణం అత్యధికమో మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వస్తుంది. దీన్ని వీన్ నియమం అంటారు. సూర్యుడి ఉపరితలం సుమారు 5,800 కెల్విన్లు కాబట్టి అక్కడ జవాబు అర మైక్రాన్, అంటే మన కంటికి కనిపించే వెలుగు. మీ కర్టెన్ సుమారు 300 కెల్విన్లు. దానికి జవాబు 10 మైక్రాన్లకి కాస్త తక్కువ, కంటికి కనిపించని దీర్ఘ పరారుణం. మామూలు కిటికీ గాజు పొట్టి తరంగాలను హాయిగా పోనిస్తుంది. 3 మైక్రాన్ల దగ్గర మొరాయించడం మొదలుపెడుతుంది. 5 దాటాక గాజు కూడా గోడలాంటిదే.

ఇక్కడ పాఠాలు చెప్పే విధానంలో నన్ను ఎప్పుడూ బాధపెట్టే పొరపాటు ఒకటుంది. 'గాజు పరారుణ కిరణాలను ఆపుతుంది' అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు, పిల్లలు రాసేసుకుంటారు. నిజానికి నేలకు చేరే ఎండ శక్తిలో దాదాపు సగం పరారుణమే. అది ఎరుపుకి పక్కనే ఉన్న పొట్టి పరారుణం, దాన్ని గాజు ఆపదు. 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ ఎండను రంగులుగా విడదీసి, ఎరుపు అంచుకి అవతల, ఏ వెలుగూ కనిపించని చోట థర్మామీటర్ పెట్టి వేడిని కనిపెట్టింది గాజు పట్టకంతోనే. గాజు పరారుణాన్నంతా మింగేసేదైతే ఆ రోజు ఆయనకు ఏమీ దొరికేది కాదు. ఆయన కొడుకు జాన్ హెర్షెల్ 1830లలో దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతంలో నక్షత్రాలు చూస్తూ ఉన్న రోజుల్లో, గాజు మూత పెట్టిన పెట్టెను ఎండలో ఉంచి అందులో గుడ్లు, మాంసం వండాడు. తండ్రి కనిపెట్టిన కనిపించని వేడితో కొడుకు వంట చేశాడు! మియాపూర్ బాల్కనీ కూడా అలాంటి పెట్టే.

సరే, లెక్క వేద్దాం. గాజు మీద నూరు వరహాల ఎండ పడిందనుకోండి. మామూలు గాజు సుమారు 80 లోపలికి పంపుతుంది, మిగతావి తిప్పికొట్టడానికో తాను వేడెక్కడానికో పోతాయి. ముదురు నీలం కర్టెన్ ఆ 80లో ఏ ఎనిమిదింటినో తిప్పికొట్టి, మిగతా 72ని రాగిగా మార్చేస్తుంది. 'ముదురు రంగు ఎండను తాగేస్తుంది' అని మనవాళ్లు చెప్పేది నిజమే. తాగినది గదిలోకే కక్కుతుందన్న సగం మాత్రం ఎవరూ చెప్పరు. అదే తెల్లటి కర్టెన్‌ను గాజుకి దగ్గరగా కట్టారనుకోండి. 80లో 50 దాకా వరహాలుగానే వెనక్కి తిరుగుతాయి. వరహాలు కాబట్టి కాపలావాడు అడ్డు చెప్పడు, వాటిలో 40 బయటపడతాయి. ఇక అసలు ఉపాయం. అదే కర్టెన్‌ను తీసుకెళ్లి గాజుకి బయట కట్టండి. అక్కడది వరహాలను రాగిగా మార్చినా మనకేం? ఆ రాగి వీధిలో పడుతుంది, గాలి ఎత్తుకుపోతుంది. ఎండలో 80 పాళ్లు ఆపే తడిక బయట ఉంటే గాజుకి చేరేవి 20, గదిలోకి వచ్చేవి 16. ముదురు కర్టెన్‌తో 72, తెల్లదానితో 40, బయటి తడికతో 16!

ఇవి నేను గుండ్రటి అంకెలతో వేసిన లెక్కలు. అమెరికా ఇంధన శాఖ ఇళ్లవాళ్లకి ఇచ్చే సలహాల్లో అంకెలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. పడమటి కిటికీకి బయట నీడ పందిరి కడితే ఎండవేడి 77 శాతం దాకా తగ్గుతుందనీ, లోపల తెల్లటి ప్లాస్టిక్ వెనకవైపున్న మధ్యరకం రంగు కర్టెన్ కడితే 33 శాతం తగ్గుతుందనీ అంటారు.

నమ్మకం కుదరకపోతే సాయంత్రం నాలుగింటికి మీ చేతిని కర్టెన్‌కీ గాజుకీ మధ్య పైభాగంలో పెట్టి చూడండి. అక్కడి గాలి పొయ్యి మీది ఆవిరిలా తగులుతుంది. కర్టెన్ పైనుంచి పొంగి గదిలోకి వచ్చేది అదే.

నా కోట కథలో ఒక లోటుంది, దాచను. 1909లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రెండు పెట్టెలు తీసుకున్నాడు. ఒకదానికి గాజు మూత, రెండోదానికి రాతి ఉప్పు పలక. మనింట్లో సైంధవ లవణం అంటామే, అదే. ఆ ఉప్పు పలక రాగి కాసులను కూడా పోనిస్తుంది, దీర్ఘ పరారుణానికి అది పారదర్శకం. పుస్తకాల్లో చెప్పేదే పూర్తి నిజమైతే ఉప్పు పెట్టె చల్లగా ఉండాలి. ఎండను ముందే గాజు గుండా వడకట్టి రెంటి మీదా వేస్తే, రెండు పెట్టెల మధ్య తేడా ఒక డిగ్రీ కూడా రాలేదు. అంటే పెట్టె వేడెక్కడానికి అసలు కారణం కిరణాలు చిక్కుబడటం కాదు, వేడి గాలి చిక్కుబడటం. ఈ చిన్న ప్రయోగం పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు, పదో తరగతి పిల్లలకి చెబితే కళ్లు మెరుస్తాయి. మీ బాల్కనీకి దీని అర్థం ఒక్కటే. స్లైడింగ్ అద్దాలన్నీ బిగించి 'ఎండ రాకుండా మూసేశాం' అనుకోకండి. పైభాగంలో ఒక సందు, కింద ఒక సందు తెరిచి ఉంచాలి. వేడి గాలి పైనుంచి పోతుంది, కిందనుంచి కొత్త గాలి వస్తుంది. బయటి గాలి 41 డిగ్రీలున్నా, మీ పెట్టెలోని గాలి కన్నా అది నయమే.

ఏసీ సంగతికి వస్తాను. పది అడుగుల వెడల్పు, అయిదు అడుగుల ఎత్తున్న పడమటి గాజు మీద మే నెల సాయంత్రం నాలుగింటికి పడే ఎండలో సుమారు 2,000 వాట్లు లోపలికి వస్తాయి. రెండు ఇస్త్రీపెట్టెలు అదే పనిగా కాలుతున్నట్టు. ఒక టన్ను ఏసీ తోడగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. అందులో సగానికి పైగా ఈ ఇస్త్రీపెట్టెలకే సరిపోతుంది. ఏసీ వద్దు. పైగా హాలుకీ బాల్కనీకీ మధ్య తలుపు తీయించకుండా ఉంటే అదృష్టవంతులు. ఆ తలుపు మధ్యాహ్నం నుంచి మూసి ఉంచండి, హాలు నిలబడుతుంది.

సజ్జ వేయిస్తే చాలదా అని అడుగుతారు. దక్షిణం వైపుకైతే చాలును. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గ్రహణం రోజున పళ్లెంలో రోకలి నిలబెట్టి మహిమ అంటారు కదా, అడుగు సమంగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. అదే రోకలిని మే 9న పన్నెండుంపావు వేళ డాబా మీద నిలబెట్టి దాని నీడ మాయమవడం పిల్లలకి చూపించండి. చూడాల్సిన వింత అది. అంత నిట్టనిలువు ఎండకి రెండడుగుల సజ్జ మొత్తం కిటికీని కాపాడుతుంది. కానీ మే నడుమ సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 36 డిగ్రీల ఎత్తుకి, అయిదింటికి 22 డిగ్రీలకి దిగిపోతాడు. అప్పుడు అదే రెండడుగుల సజ్జ పడమటి గాజు మీద వేసే నీడ అడుగున్నర, ఆ తర్వాత పది అంగుళాలు. ఫ్లాటు కొనేటప్పుడు గుమ్మం ఏ దిక్కని పదిసార్లు అడుగుతాం, గాజు ఏ దిక్కని ఒక్కసారైనా అడగం!

పడమటి ఎండకి అడ్డం నిలువుగా ఉండాలి, బయట ఉండాలి. వెదురు చిక్ తెరలు, నర్సరీలవాళ్లు వాడే షేడ్ నెట్, ఏదైనా పనికొస్తుంది. గాజుకి అతుక్కుని కాకుండా జానెడు ఎడం ఉంచండి, మధ్యలోని వేడి గాలి పైకి పోవడానికి. ఏడో అంతస్తులో వేసవి గాలిదుమారాలకి కింది కొస కూడా గట్టిగా కట్టాలి. మొక్కల మీద ప్రేమ ఉంటే బచ్చలి తీగో శంఖుపుష్పమో పాకించండి. ఆకు పొట్టి పరారుణంలో దాదాపు సగాన్ని తిప్పికొడుతుంది, మిగిలిన వేడిలో చాలా భాగాన్ని నీటిని ఆవిరి చేసి వదిలించుకుంటుంది. వేప చెట్టు నీడా రేకుల షెడ్డు నీడా ఒకటి కాకపోవడానికి కారణం ఇదే. రేకు తానే కాలిపోయి కిందికి రాగి కాసులు కురిపిస్తుంది.

వట్టివేళ్ల తడికలు ఇంకా మేలు. ఒక లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని లాక్కుపోతాయి. ఆ రెండు ఇస్త్రీపెట్టెలు ఇరవై నిమిషాల్లో ఇచ్చే వేడి అది. హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ఎండలకి బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో ఆవిరి లేవదు, తడి తప్ప లాభం ఉండదు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బయట ఏమీ కట్టనివ్వకపోతే, నీలం కర్టెన్లు తీసేసి గాజుకి ఆనుకునేలా తెల్లటి బ్లైండ్లు వేయండి, పైసందు తెరవండి. నల్ల సన్‌ఫిల్మ్ అంటించకండి. అది గాజునే షరాబుగా మారుస్తుంది. గాజు కాలుతుంది, సగం వేడి లోపలికే వస్తుంది, అంచులు చల్లగా నడుమ వేడిగా ఉండి మామూలు గాజు పగిలే ప్రమాదమూ ఉంది. కొత్తగా అద్దాలు వేయించుకునేవాళ్లు మాత్రం ఎస్‌హెచ్‌జీసీ ఎంత అని అడగండి. పడ్డ ఎండలో ఎంత వంతు వేడిగా లోపలికి వస్తుందో చెప్పే అంకె అది. మామూలు గాజుకి సుమారు 0.8. సుమారు పది నానోమీటర్ల మందం వెండి పొరలు పూసిన గాజుల్లో 0.3 కన్నా తక్కువవి ఉన్నాయి. ఆ వెండి పొర కనిపించే వెలుగును వదిలి, పొట్టి పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. అమ్మేవాళ్లు యూ వాల్యూ గురించి, అంటే లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా వల్ల గాజు గుండా ఎంత వేడి పోతుందో చెప్పే అంకె గురించి, ఎక్కువ చెబుతారు. అది చలిదేశాల వాళ్లకి ముఖ్యం, మన పడమటి గాజుకి ముందు చూడాల్సింది ఎస్‌హెచ్‌జీసీనే.

చిక్ తెరలో నాకు నచ్చేది, దాన్ని చుట్టి పైకి కట్టేయొచ్చు. కార్తీకం వచ్చాక అలా చుట్టేయండి. అప్పటికి సూర్యుడు నైరుతికి జరిగి ఉంటాడు, సాయంత్రం నీరెండ గాజు దాటి కుర్చీ మీదికి వస్తుంది. ఆ నాలుగు నెలలూ కాఫీలు మళ్లీ అక్కడే.