కన్ను తెల్లబడితే నట్టలేనా? గొర్రెల రక్తపరాన్నజీవులపై అపోహలు - వాస్తవాలు

"మొన్ననే నట్టల (కడుపులో పురుగుల) మందు తాపిన సారూ, అయినా జీవం మేత ముడ్తలేదు." వానలు మొదలయ్యాక ఈ మాట వినని వారం ఉండదు నాకు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం మన తెలంగాణే, సుమారు 190 లక్షలు. రెండోది ఆంధ్రప్రదేశ్. అయినా రక్తంలో చేరే పరాన్నజీవుల గురించి మన కాపరులకు చెప్పేవాళ్లు తక్కువ.

అపోహ: కన్ను (కింది రెప్ప లోపలి వైపు) పాలిపోతే కడుపులో నట్టలే.

వాస్తవం: చాలాసార్లు నట్టలే, కాదనను. కడుపులో రక్తం తాగే హీమాంకస్ పురుగు ఒక్కోటి రోజుకు 0.05 మిల్లీలీటర్ల దాకా రక్తం పోగొడుతుంది. కానీ థైలీరియా, బాబీసియా, అనాప్లాస్మా అనే రక్తపరాన్నజీవులు కూడా కన్నును అంతే తెల్లగా చేస్తాయి. ఇవి ఎర్రరక్తకణాల్లోనే చేరి వాటిని నాశనం చేస్తాయి. నట్టల మందు వీటిని ఏమీ చేయదు.

ఒకసారి మంద వెనకపడుతున్న ఈనిన గొర్రెను తెచ్చారు. కింది రెప్ప లాగి చూస్తే కాగితంలా ఉంది. రెండుసార్లు నట్టల మందు పడింది. చెవి కొసన చుక్క రక్తం తీసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. కణాల అంచున ముదురు ఊదా చుక్కలు: అనాప్లాస్మా. తల్లికి పాలు ఎండి పిల్ల కూడా బక్కచిక్కింది. బరువు తగ్గడం, చూలు పోవడం, పాలు తగ్గడం... నష్టం చావు కంటే ముందే మొదలవుతుంది.

అపోహ: ఒళ్లు కాలట్లేదు, మూత్రం ఎర్రగా లేదు, కాబట్టి ఈ జబ్బు కాదు.

వాస్తవం: గొర్రె ఒళ్లు మామూలుగానే 102-103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, చేతికి తేడా తెలియదు. థర్మామీటరు పెట్టాల్సిందే. ఎర్రమూత్రం ముఖ్యంగా బాబీసియా గుర్తు. థైలీరియాలో భుజం ముందు గడ్డ ఉబ్బుతుంది, తడిమి చూడండి.

అపోహ: కోలుకుంది కదా, ఇక భయం లేదు.

వాస్తవం: పైకి బాగున్నా చాలా జీవాల రక్తంలో కొద్దిపాటి పరాన్నజీవులు మిగిలే ఉంటాయి. ఈనేటప్పుడో, దూరం నడిచినప్పుడో, వేరే రోగం తగిలినప్పుడో మళ్లీ తిరగబెట్టవచ్చు. ఈలోగా పిడుదులు (మా వైపు గోమార్లు) ఆ రక్తం తాగి పక్క జీవానికి ఎక్కిస్తాయి.

అపోహ: మీద మందు కొడితే పిడుదులు పోయినట్టే.

వాస్తవం: ఆడ పిడుదు కడుపు నిండా తాగి రాలిపోయి, నేల మీద, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. దొడ్డి గోడ సందులు పూడ్చి, అక్కడా మందు కొట్టాలి. పిడుదులను గోళ్లతో నలపకండి. 2011లో గుజరాత్‌లో మనుషుల ప్రాణాలు తీసిన క్రిమియన్-కాంగో జ్వరం హయలోమా పిడుదుల ద్వారా వచ్చేదే.

అపోహ: పీపీఆర్ (పారుడు రోగం), నీలినాలుక టీకాలు వేయించాం, ఇదీ ఆగుతుంది.

వాస్తవం: ఆగదు, ఆ టీకాలు ఆ రోగాలకే. ఆవుల థైలీరియా టీకా గొర్రెలకు పనికిరాదు.

అపోహ: ఒకే ఇంజెక్షన్ అన్నిటికీ చాలు.

వాస్తవం: థైలీరియాకు బుపార్వాకోన్, బాబీసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. మోతాదు బరువును బట్టి డాక్టరు చెప్పాలి. మొదటి సూది పడకముందే రక్తం చుక్క తీయించండి, మందు పడ్డాక పరాన్నజీవి కనబడటం కష్టం. కన్ను పాలిపోయిన జీవాన్ని మాత్రం వెంటబడి పట్టకండి. రక్తం చాలక పరుగుకే ప్రాణం పోతుంది. మెల్లగా మూలకు తోలి, నీడలో నిలబెట్టి నాకు కబురు చేయండి.