బానెట్ మూసి చేయాల్సిన పరీక్ష

పాత కారు ఫ్యాన్ సరిగా పనిచేస్తోందా అన్నది బానెట్ మూసే చూడాలి. ఎందుకో ఎండతో మొదలుపెట్టి చెబుతాను. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. బల్లార్షాలో గనుల పనికీ పేపర్ మిల్లు పనికీ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో అంబాసిడర్ నడిపిన పెద్దవాళ్లను అడగండి, ఇంజిన్‌కు పెట్రోలు అందించే పంపుకి తడిగుడ్డ చుట్టిన రోజులు చెబుతారు. దారిలో ఆగి టీ తాగి వచ్చేసరికి బండి స్టార్ట్ అయ్యేది కాదు. ‘ఎయిర్ లాక్’ అనేవారు. నిజానికి పైపులో చేరింది గాలి కాదు, మరిగిన పెట్రోలు ఆవిరి.

ఖరీదైన పాత కార్లకూ ఈ బాధ తప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కార్లలో బానెట్ పక్కల వరసగా చీలికలుండేవి, వేడి గాలి వాటిలోంచి పోయేది. తర్వాత అందం కోసం ఆ చీలికలు మూతపడ్డాయి. 1940 మోడల్ ప్యాకార్డ్‌తో కార్లలోకి ఏసీ వచ్చింది, పోనుపోను ఇంజిన్ గది ఇరుకైపోయింది. ఇంజిన్‌ను చల్లబరిచే ఫ్యాన్ మాత్రం ఇంజిన్ బెల్టు మీదే తిరిగేది. ఇంజిన్ ఆగితే ఫ్యానూ ఆగుతుంది, నీళ్ల పంపూ ఆగుతుంది. అసలు చిక్కు అక్కడే. ఇంజిన్ దిమ్మెలో, ఎగ్జాస్ట్ గొట్టాల్లో నిలిచిన వేడంతా పైకి లేస్తుంది. అందుకే బండి ఆపిన కాసేపటికి బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది.

జాగ్వార్ 1972లో తెచ్చిన ఎక్స్‌జే12 చూడండి. 5.3 లీటర్ల, 12 సిలిండర్ల ఇంజిన్ ఆ గదంతా నిండిపోయింది. ఆ వేడికి బ్యాటరీకే విడిగా చిన్న ఫ్యాన్ పెట్టాల్సి వచ్చింది! ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఏర్పాటు, 1973లో వచ్చిన బాష్ కె-జెట్రానిక్, ఇంకో దారి పట్టింది. ఇంజిన్ ఆపాక కూడా పెట్రోలు మరిగిపోకుండా పైపులో ఒత్తిడి నిలిపి ఉంచే డబ్బా అందులో ఉంటుంది. క్రమంగా వేడిని బట్టి తనంతట తాను పనిచేసే కరెంటు ఫ్యాన్లు వచ్చాయి. కొన్ని కార్లలో అవి తాళం తీశాక కూడా తిరుగుతాయి.

ఇప్పుడు ఆ కార్లు వింటేజ్ వయసుకొచ్చాయి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారును అలా రిజిస్టర్ చేయించవచ్చు, రోజువారీ తిరుగుడుకు మాత్రం వాడకూడదు. అంటే అది ఎక్కువగా షెడ్డులోనే ఉంటుంది, ర్యాలీ రోజున ఎండలో ఆగుతూ సాగుతూ నడుస్తుంది. ఫ్యాన్ తిరగాల్సింది ఆ రోజే.

షెడ్లలో చాలామంది బానెట్ ఎత్తి, ఫ్యాన్ వైరు నేరుగా బ్యాటరీకి తగిలించి, ‘తిరుగుతోంది’ అని వదిలేస్తారు. దాంతో మోటారు మంచిదని తెలుస్తుంది, అంతే. వేడి చూసి దాన్ని ఆన్ చేయాల్సిన స్విచ్ సంగతి తేలదు. పైగా ఎత్తిన బానెట్ కింద వేడి నిలవదు. కారును బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, బానెట్ మూసి, లోపల పెట్టిన థర్మామీటర్ తీగను బయటకు తెచ్చి ఐదు నిమిషాలకోసారి రాసుకోవాలి. ఫ్యాన్ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో కూడా రాయాలి. ఇరవై నిమిషాలకు తాళం తిప్పి బండి స్టార్ట్ అవుతుందేమో చూడాలి. ఫ్యాన్ అసలు ఆగకపోతే దానికి కరెంటు కలిపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) అతుక్కుపోయిందేమో చూడండి, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది.