మూత్రం క్యాను, ఏలక్కి అరటిపండు

యాభై దగ్గరపడిన ఆడమనిషికి ఉన్నట్టుండి ముఖం, మెడ ఎర్రబారి వేడెక్కితే ముట్లుడిగే వయసు కదా అంటారు. విరేచనాలూ తోడైతే బెంగళూరు నీళ్లు పడలేదంటారు. చాలాసార్లు నిజమే. కానీ ముట్లుడిగేటప్పటి ఆవిర్లకు చెమటలు పడతాయి, కార్సినాయిడ్ అనే పేగు గడ్డ వల్ల వచ్చే ఎరుపు సాధారణంగా పొడిగా ఉంటుంది. ఆ గడ్డ తెచ్చే విరేచనాలు ఉపవాసమున్నా ఆగవు, అర్ధరాత్రి నిద్ర లేపుతాయి.

చిన్నపేగు గోడలో హార్మోన్లు చేసే కణాల్లో పుట్టే గడ్డ ఇది. కార్సినాయిడ్ అంటే 'క్యాన్సర్ లాంటిది'. 1907లో ఓబెర్న్‌డార్ఫర్ పెట్టిన పేరు. గడ్డ సెరటోనిన్ అనే హార్మోన్‌ను కుమ్మరిస్తున్నా ఏళ్ల తరబడి ఏమీ తెలియకపోవచ్చు. పేగు రక్తం ముందు కాలేయానికే పోతుంది, అది సెరటోనిన్‌ను అక్కడికక్కడే విరిచేస్తుంది. గడ్డ కాలేయానికి పాకాకే అసలు గొడవ. అక్కడి హార్మోన్ నేరుగా గుండె కుడివైపు చేరి కవాటాలను మందంగా, బిరుసుగా చేస్తుంది. ఊపిరితిత్తులు వడగట్టేస్తాయి కాబట్టి ఎడమవైపు చాలావరకు బతికిపోతుంది.

ఇంకో దెబ్బ తిండి మీద. మామూలుగా తిండిలోంచి వచ్చే ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లంలో 1 శాతమే సెరటోనిన్ అవుతుంది. ఇక్కడ సగానికి పైగా దానికే పోవచ్చు. నయాసిన్ (బి3 విటమిన్) చేసుకోవడానికి మిగలదు. జొన్నలే తిండిగా బతికిన దక్కనులో ఒకప్పుడు కనిపించిన పెల్లాగ్రా, అంటే నయాసిన్ లోపంతో వచ్చే జబ్బు, అన్నీ తినే మనిషికీ వస్తుంది.

సెరటోనిన్ విరిగితే వచ్చే 5-హెచ్‌ఐఏఏను 24 గంటల మూత్రంలో కొలుస్తారు. పరీక్షకు 3 రోజుల ముందు నుంచీ సెరటోనిన్ ఉండే అరటిపండు, అనాస, టమోటా, వంకాయ, అక్రోట్ మానాలి. ఏలక్కి పండ్లు మానడం తేలికే, టమోటా లేకుండా మూడు రోజులు గడపడమే మనకు కష్టం. చింతపండు చారు, బీరకాయ పప్పు, మజ్జిగ పులుసుతో నెట్టుకురావాలి. పారాసిటమాల్, దగ్గు మందులు కూడా కొన్ని పద్ధతుల్లో లెక్క తప్పిస్తాయి, వాడుతుంటే ముందే చెప్పాలి.

ఉదయం 6కు మొదటి మూత్రం పారబోసి టైం రాసుకోవాలి. ఆ తర్వాతిదంతా క్యానులోకి, మర్నాడు 6 గంటలదీ అందులోకే. చాలామంది ఆ మొదటిదాన్నీ క్యానులోనే పోసేస్తారు, లేదా ఆఫీసులో ఒకసారి వదిలేస్తారు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కునే రోజు ఈ పని పెట్టుకోకపోవడం మేలు. క్యాను అడుగున కొద్దిగా ద్రవం ఉంటే అది నీళ్లు కాదు, ఆసిడ్. కడిగేయకూడదు, మగ్గులో పట్టి నెమ్మదిగా పోయాలి.

శరీరంలోని సొమటోస్టాటిన్ ఈ హార్మోన్లకు సహజమైన బ్రేకు, కానీ రక్తంలో రెండు మూడు నిమిషాలే నిలుస్తుంది. దాని నకలు ఆక్ట్రియోటైడ్‌ను నెలకోసారి పిరుదు కండరంలోకి లోతుగా, 20 లేదా 30 మిల్లీగ్రాములు ఇస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన పొడిని గది వేడికి రానివ్వాలి, కలిపాక ఆలస్యం చేయకూడదు. లేకుంటే సూది పూడుకుపోతుంది. ఏళ్ల తరబడి వాడితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, అప్పుడప్పుడు స్కాన్ చూడాలి.

ఏ ఆపరేషన్‌కైనా, బయాప్సీకైనా మత్తు డాక్టరుకు ఈ గడ్డ సంగతి ముందే చెప్పాలి. మత్తులో హార్మోన్లు ఒక్కసారిగా విడుదలై బీపీ పడిపోవచ్చు. ఆక్ట్రియోటైడ్ చేతికందేలా పెట్టుకున్నాకే వాళ్లు మొదలుపెడతారు.